ఫలక్‌నుమాకు దీపాలు పెట్టించిన నవాబు

మాకవరపాలెం: కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని ఇదివరకు ఒకటే అడిగేవారు. హాలుకి ఎన్ని పాయింట్లు, బెడ్‌రూముకి ఎన్ని పాయింట్లు అని. ఇప్పుడు మాట మారింది. లైట్లన్నీ ఫోనుతో ఆపాలంటే ఏ హబ్ కొనాలి, హాల్లో ఝూమర్‌కి డిమ్మర్ పెడితే పనిచేస్తుందా, గోడలు ప్లాస్టరింగ్ చేయకముందే ఏ వైరు లాగించాలి అని అడుగుతున్నారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లయితే అక్కడి ఇళ్లల్లో చూసింది ఇక్కడా కావాలంటున్నారు.

ఇంట్లో దీపాలన్నీ ఒకేచోట నుంచి నడపాలన్న ఈ సరదా కొత్తదేం కాదు. నూట ముప్పై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక నవాబు గారు దీన్ని చాలా పెద్ద ఎత్తున తీర్చుకున్నారు. తీర్చుకుని, ఆ ఇంట్లో పదేళ్లు కూడా ఉండలేకపోయారు. ఆయనే నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. వికారాబాద్ ఊరికి పేరు ఈయనదే. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిందీ ఈయనే.

అసలు పేరు ముహమ్మద్ ఫజ్లుద్దీన్ ఖాన్. 1856లో పుట్టారు. పైగా ఖాందాన్ వాళ్లు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంతటి హోదా ఉన్న కుటుంబం అది. సొంత జాగీర్లు, సొంత ఫౌజు, సొంత కచేరీలు ఉండేవి. నిజాం ఇంటి ఆడపిల్లలను ఇచ్చే ఇల్లు కూడా ఇదే. తండ్రి రషీదుద్దీన్ ఖాన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చిన్నపిల్లవాడిగా ఉన్న రోజుల్లో సాలార్ జంగ్‌తో కలిసి రాజ్యం నడిపినవారు. 1881లో ఆయన ఇంతిఖాల్ అయ్యారు. పైగా ఆస్తి మూడు శాఖలుగా నిలిచింది. ఒకటి అన్న ఖుర్షీద్ జాహ్‌ది, ఒకటి బంధువు ఆస్మాన్ జాహ్‌ది, ఒకటి వికారుల్ ఉమ్రాది. వికారుల్ ఉమ్రా బేగం జహందారున్నిసా, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతురు. అంటే మహబూబ్ అలీ ఖాన్‌కు ఈయన స్వయానా బావగారు. ముందు జరిగే కథకి ఈ చుట్టరికమే కీలకం.

ముగ్గురు పైగా అమీర్ల మధ్య పోటీ ఉండేది. భవనాల్లో మరీ ఎక్కువ. అన్న ఖుర్షీద్ జాహ్‌కు పాత నగరంలో బారాదరీ ఉంది. ఆస్మాన్ జాహ్‌కు కొండమీద కోటలాంటి ఆస్మాన్‌గఢ్ ఉంది. వికారుల్ ఉమ్రా యూరప్ చూసొచ్చిన మనిషి. అక్కడి మేడలు, మెట్లు, అద్దాలు, దీపాలు కళ్లలో పడిపోయాయి. చార్మినార్‌కు దక్షిణంగా ఓ ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న గుట్టను ఎంచుకున్నారు. 1884 మార్చి 3న పునాది రాయి వేశారు. డిజైన్ విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టుది. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందంటారు. ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. లైబ్రరీకి విండ్సర్ కాసిల్ లైబ్రరీని చూసి చెక్కిన వాల్‌నట్ కప్పు పెట్టించారు. భోజనాల గదిలో ఒకే బల్ల దగ్గర నూరు మంది కూర్చోవచ్చు. మొత్తం పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. అంతదాకా ఆగలేక 1890లోనే గోల్ బంగ్లా, జనానా మహల్ భాగాల్లోకి కాపురం మార్చేశారు. ఇల్లు కట్టిన ఎవరికైనా ఈ తొందర తెలుసు కదా.

పేరు ఫలక్‌నుమా. ఆకాశంలా కనిపించేది అని అర్థం. గుట్టమీద తెల్లగా, రాత్రిపూట దీపాలతో వెలుగుతూ, కింద నగరం ఇంకా కిరసనాయిలు బుడ్డీల్లో ఉన్న కాలంలో ఆ పేరు ఎంత బాగా అతికి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీపాల సంగతే అసలు కథ. ఫలక్‌నుమా ఝాడ్‌ ఫానూస్‌లు బర్మింగ్‌హామ్‌లోని ఓస్లర్ కంపెనీవి. గాజుతో ఫౌంటెన్లు, కుర్చీలు కూడా చేసి అమ్మిన కంపెనీ అది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఇరవై ఏడు అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టింది వాళ్లే. హిందుస్తాన్ రాజులు, నవాబులు వాళ్లకు మంచి గిరాకీ. కొవ్వొత్తులతో మొదలైన ఫానూస్‌లు తర్వాత గ్యాసుకి, ఆ తర్వాత కరెంటుకి మారిన రోజులవి. ఫలక్‌నుమాలోని ఒక్కో పెద్ద ఫానూస్‌కు 138 కొమ్మలని, అలాంటివి 40 ఉన్నాయని, ఒక్కదాన్ని తుడవడానికే ఆరు నెలలు పట్టేదని ప్యాలెస్ గురించి రాసినవాళ్లు చెబుతారు.

కరెంటు కూడా చాలా ముందుగానే వచ్చింది. ఎడిసన్ తన బల్బు చూపించింది 1879లో. న్యూయార్క్‌లో ఆయన పవర్ స్టేషన్ మొదలైంది 1882లో. ఇంగ్లాండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంజనీరు తన క్రాగ్‌సైడ్ ఇంట్లో బల్బులు వెలిగించింది 1880లో. కలకత్తాలో కంపెనీ కరెంటు అమ్మకం మొదలైంది 1899లో. హైదరాబాద్ రాజ్యానికి విద్యుత్ శాఖ వచ్చింది 1910లో. ఫలక్‌నుమాకు కరెంటు, టెలిఫోను పెట్టడం మాత్రం 1880ల నాటి మాటగా చెబుతారు, అదీ ఓస్లర్ పేరుతోనే. నగరంలో ఎవరి ఇంటికీ లైను లేనప్పుడు ఒక ఇంట్లో బల్బు వెలగాలంటే ఆ ఇంటికి సొంత ప్లాంటు ఉండాల్సిందే. ఆ రోజుల్లో సొంత ప్లాంటు అంటే ఇంజను, దానికి డైనమో, పక్కన బ్యాటరీలు, వాటిని చూసుకునే మనుషులు, రోజూ బొగ్గో కట్టెలో.

ఇక్కడ చిన్న లెక్క వేసుకోవచ్చు. ఆనాటి కార్బన్ ఫిలమెంట్ బల్బు పదహారు కొవ్వొత్తుల వెలుగు ఇవ్వడానికి సుమారు 55 వాట్లు తినేది. 138 కొమ్మల ఫానూస్‌లో అన్నిటికీ అలాంటి బల్బులే పెట్టారనుకుంటే ఒక్క ఫానూస్‌కే 7,590 వాట్లు. నలభై ఫానూస్‌లూ ఒకేసారి వేస్తే మూడు లక్షల వాట్లు దాటుతుంది. ఇప్పుడు మన ఊళ్లల్లో మామూలు ఇంటికి రెండు మూడు కిలోవాట్ల లోడు తీసుకుంటాం. అంటే వంద ఇళ్ల పైచిలుకు కరెంటు, ఒక్క ఇంటి దీపాలకి. అదే వెలుగు ఇప్పుడు రెండు వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. ఫానూస్ మొత్తానికి 276 వాట్లు చాలు. నవాబు గారు ఎప్పుడూ అన్నీ ఒకేసారి వెలిగించి ఉండకపోవచ్చు. కానీ దీపం కొన్న ధర ఒకటి, దాన్ని వెలిగించే ధర ఇంకొకటి. ఈ రెండోది బిల్లులో కనిపించదు.

అన్ని దీపాలున్న ఇంటిని నడపడానికి ఒక పెద్ద స్విచ్‌బోర్డు కావాలి. ఫలక్‌నుమాలో ఉన్నది దేశంలోని అతి పెద్ద స్విచ్‌బోర్డుల్లో ఒకటని పేరు. ఏ హాలు వెలగాలో, ఏ వరండా ఆరాలో అక్కడి నుంచే నడిచేది. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ ఇంటి హబ్ అదే. తేడా ఒక్కటే. ఇప్పుడు హబ్ అరచేతిలో పట్టేంత డబ్బా. వైరు లేకుండా జిగ్బీ సిగ్నల్‌తోనో వైఫైతోనో బల్బులతో మాట్లాడుతుంది. అప్పుడు ప్రతి దీపానికీ రాగి తీగ బోర్డు దాకా రావాలి, బోర్డు దగ్గర మనిషి నిలబడాలి.

ఆ పాత పద్ధతిలో ఒక మేలుంది. ఒక గది తీగ తెగితే ఆ గదే ఆరుతుంది. ఇప్పుడు చౌకగా దొరికే కొన్ని హబ్‌లు ప్రతి ఆదేశాన్నీ ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి పంపి తెచ్చుకుంటాయి. నెట్ పోతే ఫోను నుంచి లైటు ఆర్పలేం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ జిల్లాలో కరెంటు, సిగ్నల్ రెండూ ఎన్ని రోజులు పోయాయో ఇక్కడి వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి హబ్ కొనేవాళ్లు మొదట చూడాల్సింది రంగుల సంఖ్య కాదు. నెట్ లేకపోయినా ఇంట్లోపల పనిచేస్తుందా, హబ్ పాడైనా గోడమీద స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుందా అన్నది. హబ్‌నీ వైఫై రౌటర్‌నీ ఇన్వర్టర్ లైను మీద పెట్టించుకుంటే సగం గొడవ తగ్గుతుంది. బోర్డుల్లోకి న్యూట్రల్ వైరు వచ్చిందో లేదో ప్లాస్టరింగ్‌కి ముందే చూసుకోవాలి. చాలా స్మార్ట్ స్విచ్‌లు అది లేనిదే పనిచేయవు.

వెలుగు తగ్గించడం ఇంకో విద్య. కొవ్వొత్తుల కాలంలో వెలుగు తగ్గాలంటే కొన్ని ఆర్పేవారు. గ్యాసు కాలంలో టాపు తిప్పేవారు. కరెంటు వచ్చాక 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్లో దీపాలను మెల్లగా తగ్గించే ఏర్పాటు చేశారు. బల్బుకి వెళ్లే కరెంటును మధ్యలో రెసిస్టెన్స్ తీగలు అడ్డుకునేవి. వెలుగు తగ్గేది గానీ ఖర్చు అంతగా తగ్గేది కాదు, చాలావరకు తీగల్లో వేడిగా పోయేది. ఇప్పటి డిమ్మర్లు వేరు. కరెంటును సెకనుకి వంద సార్లు కోసి కోసి పంపుతాయి. అందుకే మామూలు ఎల్ఈడీని డిమ్మర్‌కి తగిలిస్తే మినుకుమినుకుమంటుంది, ఒక్కోసారి కొన్నాళ్లకే పోతుంది. బల్బు పెట్టె మీద డిమ్మబుల్ అని రాసి ఉండాలి. డిమ్మర్ కూడా ఎల్ఈడీకి చేసినదై ఉండాలి. పాత డిమ్మర్లకు కనీసం ఇన్ని వాట్లు అని ఒక లోడు ఉంటుంది, రెండు చిన్న ఎల్ఈడీలు దానికి ఆనవు. ఇవన్నీ సరిగా కుదిరితే సుఖం ఉంది. రంజాన్‌లో సహరీ వేళ పిల్లలు లేవకుండా వంటింట్లో పావు వంతు వెలుగు పెట్టుకున్నవాళ్లకి తెలుస్తుంది అది.

ఇక నవాబు గారి దగ్గరికి వద్దాం. ఇల్లు పూర్తయిన సంవత్సరమే, 1893లో, ఆయన హైదరాబాద్ రాజ్యానికి మదారుల్ మహామ్, అంటే ప్రధానమంత్రి అయ్యారు. ఆస్మాన్ జాహ్ దిగిపోయాక ఆ కుర్చీ ఈయనకు వచ్చింది. 1901 దాకా ఉన్నారు. బయటికి చూస్తే అంతకన్నా ఏం కావాలి. నిజాం బావగారు, దీవాన్, గుట్టమీద అలాంటి మేడ. లోపల లెక్క వేరు. ఫలక్‌నుమాకు నలభై లక్షల రూపాయలు అయ్యాయంటారు. ఆనాటి నలభై లక్షలు. పైగా జాగీరు ఆదాయం ఎంత పెద్దదైనా అంత డబ్బు ఒక్క ఇంట్లో పోస్తే మిగిలేది తక్కువ. బ్యాంక్ ఆఫ్ బెంగాల్ దగ్గర అప్పు చేశారని చెబుతారు. కట్టడం అయిపోతే ఖర్చు ఆగుతుందనుకుంటే అదీ లేదు. ఫానూస్ తుడిచేవాళ్లకి జీతాలు, ఇంజనుకి బొగ్గు, నూరు మంది కూర్చునే బల్లకి నూరు మంది అతిథులు. దీవాన్ హోదాలో ఉన్న మనిషి ఇల్లు చీకటిగా ఉంచలేడు కదా.

ఈ ముడి విప్పింది బేగం గారని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. తమ్ముడి మనసు అక్కకి తెలుసు. 1897లో మహబూబ్ అలీ ఖాన్‌ను ఫలక్‌నుమాకు దావత్‌కి పిలిచారు. నిజాం వచ్చారు. ఉన్నారు. వారం అన్నది పదిహేను రోజులైంది, పదిహేను రోజులు నెలైంది. పాదుషా ఒక వస్తువును అంతగా ఇష్టపడ్డారంటే ఆ కాలపు అదబ్ ప్రకారం చేయాల్సింది ఒకటే. నవాబు గారు ఇంటిని నజరానాగా సమర్పించుకున్నారు. పాదుషా ఉత్తచేతులతో తీసుకోరు. ఆయన దాని పూర్తి విలువ ఇప్పించారు. అమ్మానన్న మాట రాకుండా అమ్మకం జరిగింది. అప్పు తీరింది, మర్యాద నిలిచింది.

ఈ కథను చాలామంది నవాబుల దర్జాకి ఉదాహరణగా నవ్వుతూ చెబుతారు. నవ్వదగ్గ కథలా మాత్రం లేదు. తొమ్మిదేళ్లు దగ్గరుండి కట్టించిన ఇల్లు. ఏ గదిలో ఏ దీపం అని ఆలోచించి తెప్పించిన వస్తువులు. కాపురం ఉన్నది ఏడేళ్లు, పూర్తయిన ఇంట్లో నాలుగేళ్లు. రోజూ బావమరిదిని కలవాలి, రాజ్యం పని చూడాలి, ఆ గుట్ట వైపు చూస్తే దీపాలు వెలుగుతూ కనిపిస్తాయి. ఆయన మనసులో ఏముందో ఎవరూ రాయలేదు. ఆ తర్వాత ఏం కట్టారో మాత్రం కళ్లముందు ఉంది.

నగరానికి రెండో చివర, బేగంపేటలో, ఇంకో ఇల్లు కట్టుకున్నారు. ఫలక్‌నుమాతో పోలిస్తే చిన్నది, ఉండడానికి వీలైనది. దాన్నే ఇప్పుడు పైగా ప్యాలెస్ అంటున్నాం. ఈ మధ్య దాకా, 2023 వరకు, అమెరికా కాన్సులేట్ నడిచింది అందులోనే. దాని దగ్గరే ఒక మసీదు మొదలుపెట్టారు. స్పెయిన్ వెళ్లి కార్డోబా మసీదు చూసొచ్చిన ముద్ర దాని మీద ఉంది. లోపల గుర్రపునాడా ఆకారపు తోరణాలు, పైన మినార్లకు బదులు కోసుగా లేచిన శిఖరాలు. తెలియనివాళ్లు దూరం నుంచి చర్చి అనుకుంటారు. ఆయన ఇంకో బిరుదు ఇక్బాలుద్దౌలా పేరు మీద మసీదు ఇక్బాలుద్దౌలా అనేవారు. జనం మాత్రం స్పానిష్ మసీదు అంటారు.

దీవాన్‌గా చివరి సంవత్సరాలు తేలిగ్గా గడవలేదు. 1899–1900లో దక్కన్‌ను పెద్ద కరువు పట్టింది. ఖజానా మీద ఒత్తిడి పెరిగింది. 1901లో పదవి పోయింది, మహారాజా కిషన్ పెర్షాద్ వచ్చారు. మరుసటి ఏడాది, 1902లో, వికారుల్ ఉమ్రా ఇంతిఖాల్ అయ్యారు. నలభై ఆరేళ్లు కూడా నిండలేదు. పాత నగరం దాటాక పిసల్‌బండలో ఉన్న పైగా మఖ్బరాల్లో, తన పెద్దల పక్కనే సమాధి. మసీదు అప్పటికి పూర్తి కాలేదు. కొడుకు సుల్తానుల్ ముల్క్ 1906లో పూర్తిచేయించారు. ఇప్పటికీ అందులో జుమ్మా నమాజు జరుగుతోంది.

ఫలక్‌నుమా నిజాముల అతిథి గృహమైంది. బ్రిటిష్ రాజకుటుంబం వస్తే దిగేది అక్కడే. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో కన్నుమూసింది కూడా ఆ ఇంట్లోనే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఖర్చు విషయంలో ఎంత గట్టి మనిషో అందరికీ తెలిసిందే, ఆయన అక్కడ కాపురం పెట్టలేదు. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ వచ్చి ఉన్నాక చెప్పుకోదగ్గ అతిథులు ఆగిపోయారు. చాలా ఏళ్లు తలుపులు మూసే ఉన్నాయి. ఫానూస్‌లకు బట్టలు కట్టేశారు. తర్వాత ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి బాగుచేయించగా తాజ్ వాళ్లు 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. ఫానూస్‌లు మళ్లీ వెలిగాయి. గది అద్దె కట్టగలిగినవాళ్లు ఇప్పుడు ఆ వెలుగులో భోజనం చేస్తున్నారు.

మిగతావాళ్లకి సాయంత్రం చాంద్రాయణగుట్ట వైపు నుంచి వస్తుంటే గుట్టమీద వరసగా దీపాలు వెలగడం కనిపిస్తుంది. అటునుంచి బేగంపేట వెళితే మగ్రిబ్ వేళకి స్పానిష్ మసీదులోనూ లైట్లు వేస్తారు, గోడమీది మామూలు స్విచ్‌లతోనే.